పాత బోటు ఇంజిన్: విప్పి కట్టించాలా, కొత్తది కొనాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ కాకినాడ రేవులో, భైరవపాలెంలో, అంతర్వేది పల్లిపాలెంలో, నరసాపురం ఏటిగట్టున బోట్లు కట్టేసి ఉంటాయి, ఇంజిన్లు విప్పేసి ఉంటాయి. అప్పుడు నాకొచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట: "బాబాయ్, దీన్ని బాగుచేయిస్తే నిలుస్తుందా, లేక కొత్తది కొనేయనా?" ఇంజిన్ చూడకుండా ఫోన్లో జవాబు చెప్పడం చేపని చూడకుండా తూకం చెప్పినట్టే. కానీ ఎలా చూసుకోవాలో మాత్రం చెప్పొచ్చు. ఇక్కడ రాసిందంతా ఎక్కువగా 4, 6 సిలిండర్ల ఇన్‌బోర్డు డీజిల్ ఇంజిన్లున్న మర పడవల గురించి. ఏటి లాంచీలకీ, ఏరు దాటించే పంటులకీ చాలావరకు ఇదే వర్తిస్తుంది.

ఇంజిన్‌కి పదిహేనేళ్లు నిండాయి. ఇక మార్చేయాల్సిందేనా?

ఏళ్లు చూసి చెప్పేది కాదు. గంటలు చూడాలి. వల లాగే బోటు నెలకి 20 రోజులు, రోజుకి 15 గంటలు నడిచిందనుకోండి. నిషేధం తీసేస్తే ఏడాదికి 10 నెలలు, అంటే 3,000 గంటలు. ఒక లారీ గంటకి 40 కిలోమీటర్ల చొప్పున అన్ని గంటలు తిరిగితే లక్షా ఇరవై వేల కిలోమీటర్లు అవుతుంది. పైగా లారీకి దిగుడు ఉంటుంది, సిగ్నల్ ఉంటుంది, ఇంజిన్‌కి కాస్త ఊపిరి దొరుకుతుంది. వల లాగే బోటు ఇంజిన్ మాత్రం పొద్దస్తమానం మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతున్నట్టే. అదే వయసున్న టూరిస్టు లాంచీ ఇంజిన్ ఏడాదికి అందులో నాలుగో వంతు కూడా తిరిగి ఉండకపోవచ్చు.

నేను చూసేవి మూడు. బ్లాకు (సిలిండర్లుండే ఇంజిన్ ఒళ్లు) బాగుందా, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) బాగుందా, బోటు ఇంకెన్నేళ్లు తేలుతుంది. అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది: అసలు జబ్బు ఇంజిన్‌దేనా?

నల్ల పొగ కొడుతోంది, లాగడం లేదు. ఇంజిన్ అయిపోయినట్టేనా?

కాదు. నల్ల పొగంటే పోసిన డీజిల్‌కి సరిపడా గాలి అందడం లేదని, లేదా మోయలేని బరువు దాని మీద పడిందని అర్థం. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోవచ్చు, టర్బో ఉంటే దాని గొట్టం చీలి ఉండొచ్చు, డీజిల్ చిమ్మే నాజిళ్లు చుక్కలు కారుస్తుండొచ్చు. ఇవేవీ కాకపోతే నీళ్ల కింద చూడాలి. అడుగున గుల్ల పట్టిందా, ఫ్యాను (నీళ్లలో తిరిగి బోటుని తోసే ప్రొపెల్లరు) వంగిందా, దాన్ని తిప్పే షాఫ్టుకి ఏమైనా చుట్టుకుందా?

ఒకసారి అంతర్వేది వైపు నుంచి ఒక ఓనరు వచ్చాడు. కొత్త ఇంజిన్‌కి అడ్వాన్సు కట్టడానికి డబ్బు సంచీతోనే వచ్చాడు. "అన్నా, పొగ చూస్తే ఇటుక బట్టీలా ఉంది, ఇక ఇది పనికిరాదు" అన్నాడు. రోజున్నర ఆగమని చెప్పి, బోటుని గట్టు మీదికి లాగించాం. ఫ్యానుకీ వెనక బేరింగుకీ మధ్య నైలాన్ వల దారం మణికట్టంత లావున చుట్టుకుని, వేడికి కరిగి, మళ్లీ గట్టిపడి నల్లరాయిలా ఉంది. హాక్‌సా బ్లేడుతో కోసి తీయడానికి పూట పట్టింది. దానికి తోడు, కిందటేడు ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటకి తగిలి ఫ్యాను విరిగితే, రేవులో దొరికిన పాత ఫ్యాను బిగించారు. దాని పిచ్, అంటే రెక్కల వాలు, అసలు దానికంటే ఎక్కువ. ఫుల్ రేజు ఇచ్చినా ఇంజిన్ తన పూర్తి ఆర్‌పీఎంకి దగ్గరగా కూడా రావడం లేదు. ఫ్యాను మార్చాం, నాజిళ్లు టెస్టు చేయించాం. ఆ ఇంజిన్ ఇంకో మూడు సీజన్లు వేట చేసింది. అడ్వాన్సు కట్టి ఉంటే కొత్త ఇంజిన్ కూడా అదే ఫ్యానుకి ఏడ్చేది.

నీలం పొగ వేరు. అది ఆయిల్ మండుతున్న పొగ. పిస్టన్ రింగులో, లైనర్లో (సిలిండరు లోపలి గొట్టం), వాల్వు గైడులో, టర్బో సీలో అరిగాయి. తెల్ల పొగ చలి పొద్దున కాసేపు వచ్చి పోతే పట్టించుకోకండి. ఇంజిన్ వేడెక్కాక కూడా వస్తూ, గుప్పుమని పచ్చి డీజిల్ వాసన ఉంటే ఏదో సిలిండరు సరిగా మండడం లేదు. వాసన లేకుండా ఆవిరిలా వస్తూ, ఇంజిన్ చల్లబరిచే ట్యాంకులో నీళ్లు తగ్గుతుంటే సిలిండర్లోకి నీళ్లు దిగుతున్నాయి. ఆ మూడోదే భయపడాల్సింది.

మెకానిక్‌ని పిలిచేముందు నేనే ఏమేం చూసుకోవచ్చు?

చాలా చూసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

పొద్దున్నే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు వెళ్లండి. ఆయిల్ కొల పైకి తీసి వేలికి రాసుకోండి. నల్లగా ఉంటే తప్పేం లేదు, డీజిల్ ఇంజిన్ ఆయిల్ నల్లగానే ఉంటుంది. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. అనుమానంగా ఉంటే రేకు ముక్క ఒకటి స్టవ్ మీద వేడిచేసి దాని మీద ఒక చుక్క వేయండి. నీళ్లుంటే తాలింపు వేసినట్టు చిటపటమంటుంది. లేకపోతే నిదానంగా పొగ లేచి ఊరుకుంటుంది. ఆయిల్ పల్చగా, డీజిల్ వాసనతో ఉండి, లెవెల్ పెరిగిందంటే డీజిల్ కిందికి దిగుతోంది. అప్పుడు చూడాల్సింది పంపునీ నాజిళ్లనీ.

తర్వాత స్టార్ట్ చేయండి. వేడెక్కాక ఆయిల్ పోసే మూత తీసి, రంధ్రం మీద తిరగేసి ఊరకే పెట్టండి. కొద్దిగా కదిలితే సరే. ఎగిరి పడుతూ, పక్కనుంచి పొగ గుప్పుగుప్పుమంటే కంప్రెషన్ రింగుల పక్కనుంచి కిందికి కారిపోతోంది. స్లోలో వేడి ఇంజిన్ ఆయిల్ ప్రెషరు చూడండి. కంపెనీ చెప్పినదానికంటే బాగా తక్కువుంటే బేరింగుల అరుగుదల లేదా పంపు అరుగుదల. గేజుని నమ్మేముందు వేరే గేజు పెట్టి చూడండి. గేజు తప్పు చెబితే ఇంజిన్ విప్పిన ఓనర్లు నాకు తెలుసు.

ఒక్కో సిలిండర్ని విడిగా పరీక్షించాలంటే మెకానిక్ స్లోలో ఒక్కో నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేస్తాడు. వదులు చేసినప్పుడు ఇంజిన్ తడబడితే ఆ సిలిండరు పనిచేస్తోంది. ఏ తేడా లేకపోతే అది ముందే పడుకుంది. ఈ పని మాత్రం మీరు చేయకండి. ఆ పైపులో డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరేంత ఒత్తిడితో వస్తుంది.

అన్నిటికంటే గొప్ప పరికరం పది రూపాయల నోట్‌బుక్కు. ప్రతి వేటకీ ఎంత డీజిల్ పోశారో, మధ్యలో ఎంత ఆయిల్ కలిపారో బోటు నడిపే సరంగు చేత రాయించండి. నేను వాడే లెక్క ఇది: 100 లీటర్ల డీజిల్‌కి అర లీటరు లోపు ఆయిల్ తాగితే బాధ లేదు. లీటరు దాటితే లోపల పని ఉంది. "ఏదో కాస్త పోస్తున్నాం లెండి" అనే మాటతో మాత్రం ఏ లెక్కా తేలదు.

హాఫ్ ఇంజిన్ పని, ఫుల్ ఇంజిన్ పని అంటే తేడా ఏంటి?

హెడ్డు దింపి వాల్వులు, సీట్లు, గాస్కెట్టు, నాజిళ్లు, అవసరమైతే రింగులు చూసుకుని క్రాంకు జోలికి పోకపోతే హాఫ్. ఇంజిన్ మొత్తం బయటికి తీసి, క్రాంకు, బేరింగులు, లైనర్లు, పిస్టన్లు, ఆయిల్ పంపు అన్నీ చేస్తే ఫుల్. ఒక్కో ఊళ్లో ఒక్కోలా అంటారు కాబట్టి రేటు మాట్లాడేముందు ఏమేం కలిపి చెబుతున్నారో కాగితం మీద రాయించుకోండి. సగం గొడవలు ఈ మాట దగ్గరే వస్తాయి.

విప్పాక ఏం కనిపిస్తే కట్టించొచ్చు? ఏం కనిపిస్తే వదిలేయాలి?

లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వులు అరిగిపోయాయంటే దిగులు పడకండి. అవి అరగడానికే ఉన్నాయి. లైనరు పైఅంచు నుంచి గోరుని కిందికి జార్చండి. రింగు తిరిగే చోటు మొదలయ్యే దగ్గర గోరు టక్కున ఆగితే అక్కడ మెట్టు పడింది. లైనరు మార్చాలి, అంతే. నీళ్లు నేరుగా తగిలే లైనర్లయితే, అంటే వెట్ లైనర్లయితే, బయటికి లాగి తిప్పి చూడండి. ఒక పక్క మాత్రమే సూదితో పొడిచినట్టు గుంటలుంటే అది నీటి బుడగలు పేలి తిన్న గుర్తు. కూలంట్ పోయకుండా బోరు నీళ్లతో నడిపిన ఇంజిన్లలో ఇది మామూలు. లైనరు మార్చి, ఈసారైనా కూలంట్ పోస్తే సరిపోతుంది.

క్రాంకుకి లెక్క ఉంది. జర్నల్స్ (బేరింగుల్లో తిరిగే చోట్లు) అరిగితే గ్రైండింగ్ చేసి సైజు దింపుతారు: 0.25, 0.50, 0.75 మిల్లీమీటర్లు. లేత్ వాళ్లు పది సైజు, ఇరవై సైజు, ముప్పై సైజు అంటారు. మీ క్రాంకు ఇప్పటికే ఆఖరి సైజులో ఉందంటే ఇంక దిగడానికి మెట్లు లేవు. కొత్త క్రాంకు కొనాలి. అప్పుడు ఖర్చు లెక్క ఒక్కసారిగా మారిపోతుంది. గ్రైండింగ్‌కి ముందు పగుళ్ల టెస్టు చేయించకుండా డబ్బు పెట్టకండి.

బ్లాకు దగ్గర నేను కఠినంగా ఉంటాను. లైనరు కింద రబ్బరు రింగులు కూర్చునే చోటు ఉప్పుకి తినేసి గరుకుబారితే, ఎన్ని కొత్త రింగులు వేసినా నీళ్లు ఆయిల్లోకి దిగుతూనే ఉంటాయి. మెయిన్ బేరింగులు కూర్చునే వరస వంగినా, కనెక్టింగ్ రాడ్డు విరిగి బ్లాకు పక్కన కిటికీ తెరుచుకున్నా, పోత ఇనుప బ్లాకుకి పగులు వచ్చినా వదిలేయమంటాను. పోత ఇనుముకి వెల్డింగ్ చేసి నడిపేవాళ్లు ఉన్నారు. ఏటిలో పంటుకైతే సరేననుకోవచ్చు. తీరానికి 50 కిలోమీటర్ల అవతల వల వేసుకుని కూర్చున్నప్పుడు ఆ వెల్డింగు మీద ఏడెనిమిది మంది ప్రాణాలు పెట్టడం నాకు ఇష్టం లేదు.

కట్టించే ఖర్చు ఎంత దాటితే కొత్తది మేలు?

కొత్త ఇంజిన్ బిగించి నడిపేదాకా అయ్యే ఖర్చులో సగం లోపు ఉంటే కట్టించడం మేలు. మూడింట రెండు వంతులు దాటితే కొత్తదానికే వెళ్లండి. మధ్యలో ఉంటే బోటు వయసు తేలుస్తుంది. ఇది నా సొంత కొలత, శాస్త్రం కాదు. కానీ చాలా ఏళ్లుగా నన్ను పెద్దగా మోసం చేయలేదు.

ఇందులో "బిగించి నడిపేదాకా" అన్న మాట ముఖ్యం. కొత్త ఇంజిన్ ధర 8 లక్షలు అనుకుందాం. అది పాత బెడ్డు మీద కూర్చోకపోతే బెడ్డు మార్చాలి. గేరుబాక్సు రేషియో వేరైతే ఫ్యాను మార్చాలి, షాఫ్టు సైజు కూడా మారొచ్చు. కప్లింగు, సైలెన్సరు పైపు, నీళ్ల పైపులు, ప్యానెల్, వైరింగు, క్రేను, డెక్కు కోసి మళ్లీ మూసే వడ్రంగి పని. ఇవన్నీ కలిపి 8 లక్షలది 11 లక్షలకి చేరడం నేను చూశాను. కట్టించే పక్కన కూడా అంతే. విప్పేముందు చెప్పిన అంచనాకి పావు వంతు కలిపి పెట్టుకోండి. లోపల ఏదో ఒకటి బయటపడుతుంది.

ఇంకో మాట. "ఇంత దాటితే ఆపేస్తాం" అనే అంకె ఇంజిన్ విప్పకముందే ఇంట్లో కూర్చుని అనుకోండి. విప్పాక అనుకోలేరు. నాలుగు లక్షలు పెట్టినవాడికి ఇంకో యాభై వేలు చిన్నగా కనిపిస్తాయి. ఆ తర్వాత మరో యాభై.

చెక్క బోటు పక్కలు మెత్తబడి, ఇంకో మూడేళ్లకి మించి నిలవదని వడ్రంగి చెబితే, కొత్త ఇంజిన్ కొనడం నాకు నచ్చదు. ఇంజిన్‌ని తర్వాత కొత్త బోటులోకి మార్చుకోవచ్చంటారు. మార్చుకోవచ్చు, కానీ పైన చెప్పిన బిగింపు ఖర్చంతా రెండోసారి పెట్టాలి.

కొత్త ఇంజిన్ డీజిల్ తక్కువ తాగుతుందంటారు. నిజమేనా?

నిజమే, అయితే సగం నిజం. లెక్క వేద్దాం. ఆరోగ్యంగా ఉన్న డీజిల్ ఇంజిన్ ఒక హార్స్‌పవర్‌ని గంట సేపు ఇవ్వడానికి సుమారు 0.2 లీటరు తాగుతుంది. సగటున 70 హార్స్‌పవర్ లాగుతుంటే గంటకి 14 లీటర్లు. అరిగిన ఇంజిన్ అదే పనికి 16 లీటర్లు తాగుతోందనుకోండి. నెలకి 300 గంటలకి 600 లీటర్లు తేడా. లీటరు 90 రూపాయలు వేసుకున్నా నెలకి 54,000. పది నెలల వేటకి 5 లక్షల 40 వేలు. గుండె జల్లుమనే అంకె, అవునా?

సేల్స్ కుర్రాడు ఇక్కడిదాకా చెప్పి కాగితం మడిచేస్తాడు. మిగతాది నేను చెబుతాను. కొత్త లైనర్లు, రింగులు, టెస్టు చేసిన నాజిళ్లు, క్యాలిబ్రేషన్ చేసిన పంపు ఉంటే మీ పాత ఇంజిన్ కూడా ఆ రెండు లీటర్లలో చాలా భాగం వెనక్కిస్తుంది. అంటే ఈ లెక్క "ఏదో ఒకటి చేయండి" అని చెబుతోంది. కొత్తదే కొనమని చెప్పడం లేదు. మరీ పాత తరం ఇంజిన్ పక్కన ఇప్పటి ఇంజిన్ పెట్టి చూస్తే అప్పుడు అసలు తేడా ఉంటుంది.

ఎలాగూ మారుస్తున్నాం, ఇంకో యాభై హార్స్‌పవర్ ఎక్కువది పెడితే స్పీడు వస్తుంది కదా?

రాదు. మన బోట్లు నీళ్లని కోసుకుంటూ పోయేవి, నీళ్ల మీద జారేవి కావు. అలాంటి బోటుకి దాని పొడవే వేగాన్ని కట్టేస్తుంది. నీళ్లలో ఉన్న పొడవు 45 అడుగులైతే దాని హద్దు సుమారు 9 నాట్లు, అంటే గంటకి 16, 17 కిలోమీటర్లు. అక్కడికి చేరాక ఎంత పవరు పోసినా ముందు అల పెద్దదవుతుంది, వెనక కూర్చుంటుంది, డీజిల్ పోతుంది. కిందికి దిగితే మాత్రం లాభం ఆశ్చర్యంగా ఉంటుంది. వల లేకుండా ఖాళీగా వచ్చేటప్పుడు ఆర్‌పీఎం పది శాతం తగ్గిస్తే ఇంజిన్ మీద పవరు భారం పావు వంతు పైనే తగ్గుతుంది. రేవుకి అరగంట ఆలస్యంగా వస్తారు. చేపల రేటు పడిపోతుందేమోనని టెన్షన్ పడే రోజు కాకపోతే ఆ అరగంటని ఇవ్వండి.

వల లాగే బలం కావాలంటే ఎక్కువ రేషియో గేరుబాక్సూ, నిదానంగా తిరిగే పెద్ద ఫ్యానూ చూసుకోండి. హార్స్‌పవర్ అంకె ఒక్కటే దాన్ని ఇవ్వదు.

లారీ ఇంజిన్ చవకగా దొరుకుతోంది. పెట్టుకోవచ్చా?

మన రేవుల్లో ఉన్న చాలా బోటు ఇంజిన్ల బ్లాకులు లారీ ఇంజిన్ల కుటుంబానివే. అశోక్ లేలాండ్ బోటు ఇంజిన్లు అందుకే ఇంత పాకాయి, స్పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి. అయితే కంపెనీ బోటుకని తయారుచేసిన దానికీ, తుక్కు లారీలోంచి పీకి తెచ్చిన దానికీ చాలా తేడా ఉంది. బోటు ఇంజిన్‌కి పొగ బయటికి పోయే మేనిఫోల్డు చుట్టూ నీళ్లు తిరుగుతాయి, లేకపోతే కింద గదిలో మంటల భయం. రేడియేటరు బదులు కూలరూ, ఉప్పునీళ్ల పంపూ ఉంటాయి. డీజిల్ పంపు సెట్టింగు గంటల తరబడి లాగడానికి తగ్గించి ఉంటుంది. లారీ సెట్టింగు మీద వల లాగిస్తే పిస్టన్లు కాలతాయి. ఇవన్నీ విడిగా కొని తగిలించేసరికి చవక అన్న మాట ఎగిరిపోతుంది. స్పేర్ల కోసం పాత లారీ ఇంజిన్ కొనిపెట్టుకోవడం మాత్రం మంచి ఆలోచన.

మన గోదావరి నీళ్లకి ఇంజిన్లు త్వరగా పోతాయంటారు. ఎందుకు?

నన్నడిగితే ఈ పేజీలో అసలు ప్రశ్న ఇది. నా చేతిమీదుగా చచ్చిపోయిన ఇంజిన్లలో అరుగుదలతో పోయినవాటికంటే వేడెక్కి పోయినవే ఎక్కువ.

మన బోట్లు ఒకే వేటలో మూడు రకాల నీళ్లు తాగుతాయి. ఏటిలో తీపి నీళ్లు, మొగలో చప్ప నీళ్లు, బయట ఉప్పు నీళ్లు. వరద నెలల్లో ధవళేశ్వరం గేట్లెత్తాక కిందికొచ్చే నీళ్లు ఎర్రటి ఒండ్రు. పాటు మీద, అంటే నీళ్లు వెనక్కి తీసేటప్పుడు, మొగ దాటుతూ అడుగు తగిలితే ఇసుక. గుర్రపు డెక్క వేర్లు స్ట్రెయినర్‌కి అడ్డం. ఇవన్నీ పోయి కూలరు గొట్టాల్లో, ఉప్పునీళ్ల పంపు రబ్బరు ఇంపెల్లర్లో కూర్చుంటాయి. ఇంపెల్లరు రెక్క ఒకటి విరిగిందంటే ఆ ముక్క ఎక్కడికో పోయి ఉంటుంది. ఎక్కువసార్లు కూలరు మూతి దగ్గరే దొరుకుతుంది. అది దొరికేదాకా వెతకాలి.

నా తప్పు ఒకటి చెబుతాను. ఒక బోటులో నాకు వాటా ఉండేది. ఫుల్ ఇంజిన్ పని చేశాం, లైనర్లు, పిస్టన్లు అన్నీ కొత్తవి. జూన్ 14 దగ్గరపడుతోంది, నీళ్లు బయటికి బాగానే పడుతున్నాయి కదా అని కూలరు విప్పలేదు. విప్పి ఉంటే ఒక్క రోజు పని. నలభై రోజులకి గౌతమి మొగ అవతల ఇంజిన్ వేడెక్కింది. ఆ గేజు మునుపు కూడా అబద్ధాలు చెప్పింది కాబట్టి సరంగు దాన్ని చేత్తో తట్టి ఊరుకున్నాడు. గంటలో ఒక పిస్టన్ లైనరుకి పట్టేసింది. ఇంకో బోటు ఆరు గంటలు లాక్కుని తీసుకొచ్చింది. కూలరు విప్పితే సగం గొట్టాల్లో ఒండ్రు ఇటుకలా బిగుసుకుపోయి, మధ్యమధ్య గవ్వ ముక్కలతో ఉంది. ఇనుప చువ్వతో పొడిస్తే సుద్దముక్కలా విరిగి పడింది. కొత్త లైనరు దాని పక్కనే పెట్టి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

అందుకే ఇంజిన్ కట్టించినా, కొత్తది కొన్నా, కూలరు గొట్టాలు శుభ్రం చేయించి ప్రెషరు టెస్టు చేయండి. ఇంపెల్లరు కొత్తది వేయండి, ఒకటి బోటులో ఉంచండి. ఇంజిన్‌కి బదులు తుప్పుకి తాము బలయ్యే జింకు ముక్కల సంగతి కూడా చూడండి. జింకు ఉప్పునీళ్లలో బాగా పనిచేస్తుంది కానీ తీపి నీళ్లలో నెలల తరబడి ఉంటే పైన పొర కట్టి పనిచేయడం మానేస్తుంది. ఏటిలో కట్టేసే బోటుకి అడుగున అల్యూమినియం ముక్కలు మేలు. నిషేధం అయ్యాక బయటికి పోయేముందు ఒకసారి తడిమి చూడండి. అరగని జింకు మంచి జింకు కాదు.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొనొచ్చా?

నడుస్తుండగా చూస్తేనే. అదీ చల్లటి ఇంజిన్‌ని మీ ముందు స్టార్ట్ చేస్తేనే. మీరు వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉందంటే ఎవరో ముందే తంటాలు పడ్డారని. నేలమీద పెట్టి కొత్త రంగు పూసిన ఇంజిన్‌లో నాకు రంగు తప్ప ఏమీ కనిపించదు. మీ ఇంజిన్ మోడలే అయ్యి, బ్లాకు పోయినవాళ్లకి మాత్రం ఇది నిజంగా మంచి దారి. మీ దగ్గరున్న మంచి భాగాలన్నీ అందులోకి వెళతాయి, బెడ్డు, గేరుబాక్సు, ఫ్యాను ఏవీ కదలవు.

చిన్న ఫైబర్ బోటు, ఒక్క సిలిండరు ఇంజిన్. దీనికీ ఇంత లెక్కా?

అక్కర్లేదు. ఒకసారి బోరు, పిస్టను, రింగులు వేయించండి. రెండోసారి పని క్రాంకు దాకా వచ్చిందంటే కొత్తది కొనండి.

తుఫానుకి బోటు మునిగింది. ఇంజిన్ పనికొస్తుందా?

ఎన్ని రోజులు మునిగిందన్నదాని కంటే, పైకి తీశాక ఎన్ని గంటలు ఊరికే వదిలేశారన్నది ముఖ్యం. నీళ్లలో ఉన్నంతసేపు తుప్పు నిదానంగా పడుతుంది. గాలి తగిలాక పరిగెడుతుంది. సెల్ఫ్ మాత్రం కొట్టకండి. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, బాగుపడే ఇంజిన్ అక్కడికక్కడే పోతుంది. నాజిళ్లు విప్పి, చేత్తో తిప్పి నీళ్లు బయటికి కొట్టించండి. ఆయిల్ మొత్తం తీసేసి, మంచి నీళ్లతో ఉప్పు కడిగేసి, వెంటనే డీజిలూ ఆయిలూ కలిపి పోసి తిప్పండి. అదే రోజు. స్టార్టరు, ఆల్టర్నేటరు విడిగా షాపుకి పంపండి. ఇలా చేసిన ఇంజిన్లు ఏళ్ల తరబడి నడిచాయి. బీమా వాళ్లు వచ్చి చూసేదాకా ముట్టుకోకూడదని వారం ఆపిన ఇంజిన్ తుక్కుకి పోయింది. ఫొటోలు, వీడియో తీసి, వాళ్లకి ఫోన్లో చెప్పి పని మొదలెట్టండి.

లేత్ షాపు దగ్గర ఏం జాగ్రత్త పడాలి?

నిషేధం మొదటి వారంలోనే ఇంజిన్ విప్పండి. మే నెలాఖరుకి లేత్‌ల దగ్గర క్రాంకులు సంతలో చెరకుగడల్లా నిలబెట్టి ఉంటాయి. తొందరలో చేసిన పని తొందరలోనే తిరిగొస్తుంది. ఒక షాపు మాకు క్రాంకు గ్రైండ్ చేసి ఇచ్చింది. ఆయిల్ రంధ్రాల అంచులు కత్తిలా వదిలేశారు, లోపల గ్రైండింగ్ పొడి అలాగే ఉంది. ముప్పై గంటలకి కొత్త బేరింగులు గీరుకుపోయాయి. అప్పట్నుంచి క్రాంకు తిరిగొచ్చాక ప్రతి ఆయిల్ రంధ్రంలో డీజిల్ పోసి, సన్న బ్రష్‌తో తోమి, కింద పరిచిన తెల్లగుడ్డ మీద నల్లచుక్క పడటం ఆగేదాకా కడుగుతాను. కొలతలు చీటీ మీద రాసివ్వమనండి. హెడ్డు బోల్టులు టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే రెంచ్) బిగించని మేస్త్రీ ఎంత పెద్దవాడైనా, "మా చేతికి తెలుసండీ" అన్నా, రెంచ్ మీరే కొని చేతికివ్వండి.

కాగితాలు ఏమైనా మార్చాలా?

పాత ఇంజిన్ కట్టించి, బ్లాకు అదే ఉంటే ఇంజిన్ నంబరు మారదు. బ్లాకు గానీ, ఇంజిన్ గానీ మారితే మత్స్యశాఖ ఆఫీసులో చెప్పి రిజిస్ట్రేషన్‌లో, 1994 నాటి రాష్ట్ర సముద్ర వేట నియంత్రణ చట్టం కింద ఇచ్చిన లైసెన్సులో కొత్త నంబరూ హార్స్‌పవరూ ఎక్కించుకోండి. డీజిల్ సబ్సిడీ, బీమా అన్నీ ఆ కాగితాల చుట్టూనే తిరుగుతాయి. నంబరు తేడా ఉన్న బోటు మునిగితే క్లెయిము కూడా దానితోపాటే మునుగుతుంది. ఏటి లాంచీలు, పంటులు 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కిందికి వస్తాయి. వాళ్లు ఇంజిన్ మార్చేముందే రిజిస్ట్రేషన్ అధికారిని కలవాలి.

అంతా బిగించాక మొదటి వేటకి ఎలా పంపాలి?

ముందు అలైన్‌మెంటు. గట్టు మీద చూసింది లెక్కలోకి రాదు. బోటు నీళ్లలోకి దిగాక, ముఖ్యంగా చెక్క బోటు, కాస్త ఒళ్లు సర్దుకుంటుంది. ఒకటి రెండు రోజులు తేలనిచ్చి అప్పుడు కప్లింగు బోల్టులు తీసి, రెండు మొహాల మధ్య ఫీలర్ గేజు నాలుగు పక్కలా పెట్టండి. నాలుగంగుళాల కప్లింగుకి నాలుగు పక్కల మధ్య తేడా 0.1 మిల్లీమీటరు లోపు ఉండాలి. ఇది చూడకపోతే గేరుబాక్సు సీలు, షాఫ్టు దగ్గర నీళ్లు ఆపే గ్లాండు, వెనక బేరింగు వరసగా పోతాయి.

తర్వాత ఏటిలోనే, మొగ దాటకుండా, ఒక పూట నడపండి. వేడెక్కాక ఫుల్ రేజు ఇచ్చి ఆర్‌పీఎం చూడండి. కంపెనీ చెప్పిన అంకెకి చేరకపోతే ఫ్యాను పెద్దది. సులువుగా దాటిపోతుంటే చిన్నది. కొత్త రింగులు కూర్చోవాలంటే ఇంజిన్ మీద ఓ మోస్తరు బరువుండాలి. మొదటి 50 గంటలు గంటల తరబడి స్లోలో వదిలేయడమూ వద్దు, నిండు వల లాగించడమూ వద్దు. 50 గంటలకి ఆయిల్, ఫిల్టరు మార్చి, పాత ఫిల్టరు కోసి మడతలు విప్పి చూడండి. మెరిసే రజను కాస్త ఉంటుంది. రేకు పెళ్లల్లా కనిపిస్తే ఆపేసి నాకు ఫోన్ చేయండి.

పాత ఇంజిన్‌ని తుక్కుకి అమ్మేయనా?

కొత్తదీ పాతదీ ఒకే మోడలైతే ఒక్క సీజన్ ఆగండి. స్టార్టరు, ఆల్టర్నేటరు, ఉప్పునీళ్ల పంపు, నాజిళ్లు, హెడ్డు బాగుంటే అది కూడా విప్పి, గ్రీజు పూసి, గోనెలో చుట్టి ఇంట్లో పెట్టుకోండి. మిగతాది తూకానికి ఇచ్చేయొచ్చు. కూలరు మాత్రం విడిగా తూయించండి. దాని లోపలి గొట్టాలు రాగి కలిసిన లోహం. తుక్కు కొనేవాడి కళ్లు ముందు దానిమీదే ఉంటాయి, "ఇనుము రేటుకే కలిపేయండి బాబూ" అంటాడు.